కాగ్నీ అండ్ లేసీ: తరచుగా అడిగే ప్రశ్నలు

1980ల నాటి ఈ అమెరికన్ పోలీసు సీరియల్ పేరు వినడమే తప్ప చూడనివాళ్ళు, ఒకటీ అరా ఎపిసోడ్లు చూసి మిగతా సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలివి. కథ ముందే తెలిసిపోతే చిరాకు పడే రకమైతే కాగ్నీ తాగుడు గురించిన ప్రశ్న, దాని తర్వాత వచ్చే రెండు ప్రశ్నలు వదిలేసి చదవండి.

ప్ర: అసలు ఇది దేని గురించి?

జ: న్యూయార్క్ నగర పోలీసు శాఖలో, మన్‌హాటన్‌లోని 14వ ప్రీసింక్ట్‌లో పనిచేసే ఇద్దరు మహిళా డిటెక్టివ్‌ల కథ. ప్రీసింక్ట్ అంటే మన లెక్కలో ఒక పోలీస్ స్టేషన్, దాని పరిధి. క్రిస్టీన్ కాగ్నీగా షారన్ గ్లెస్, మేరీ బెత్ లేసీగా టైన్ డేలీ నటించారు. సీబీఎస్ ఛానల్లో 1982 మార్చి 25న మొదలై 1988 మే 16న ముగిసింది. మొత్తం 125 ఎపిసోడ్లు. దీనికి ముందు 1981లో ఒక టెలిఫిల్మ్ వచ్చింది, సీరియల్ అయిపోయాక 1994 నుంచి 1996 లోపు మరో నాలుగు వచ్చాయి.

ప్ర: ఇద్దరిలో ఎవరు ఎవరు? ఎప్పుడూ తికమక పడుతుంటాను.

జ: బ్లాండ్ జుట్టు, పెళ్ళి కాలేదు, నోటికి ఏది వస్తే అది అనేస్తుంది: కాగ్నీ. ముదురు రంగు జుట్టు, మొగుడూ పిల్లలూ, పై అధికారి ముందు మాటమాటకీ 'సర్': లేసీ.

ప్ర: పడని జంట అంటారు కదా. వాళ్ళకి పడనిది ఏమిటి?

జ: పోలీసు జంటల కథల్లో చాలావాటికి ఒకటే సూత్రం. ఒకడు రూల్స్ పాటిస్తాడు, ఇంకొకడు పాటించడు. మొదటి పది నిమిషాలు కీచులాడుకుంటారు, ఆ తర్వాత కారు ఛేజింగ్‌లో కలిసిపోతారు. ఇక్కడ తేడా అంత పైపైన ఉండదు.

కాగ్నీది రెండు లోకాల మధ్య పెరిగిన బతుకు. తల్లిది డబ్బున్న కుటుంబం. తండ్రి చార్లీ న్యూయార్క్ పోలీసుగా చేసి రిటైరైన ఐరిష్ మనిషి, బార్ స్టూల్ మీద కూర్చుని పాత కేసుల కథలు చెప్పే రకం. కూతురు ఆయనలా కావాలనుకుంది, ఆయన కన్నా పైకి వెళ్ళాలనీ అనుకుంది. డిటెక్టివ్‌ల విభాగానికి మొదటి మహిళా చీఫ్ అవ్వాలన్నది ఆమె కోరిక. ఉండేది మన్‌హాటన్‌లోనే, సోహోలోని ఒక లాఫ్ట్‌లో (పాత గోదాము లాంటిదాన్ని మార్చి చేసిన విశాలమైన ఇల్లు), ఒంటరిగా. రాజకీయంగా సంప్రదాయవాది.

లేసీది న్యూయార్క్‌లోనే క్వీన్స్ అనే ప్రాంతంలో మధ్యతరగతికి ఒక మెట్టు కిందున్న ఇల్లు. చిన్నప్పుడే తండ్రి వదిలేసి పోయాడు. భర్త హార్వీ భవన నిర్మాణ పనివాడు, పని ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇద్దరు మగపిల్లలు, తర్వాత ఒక ఆడపిల్ల. ఉద్యోగం ఆమెకి ఇష్టమే, కానీ ముందు అది నెల జీతం.

దాంతో ఏ కేసు వచ్చినా ఇద్దరికీ ఒకేలా కనిపించదు. దొరికిన నిందితురాలు బీదది అయితే లేసీ మనసు ముందు అటు లాగుతుంది, 'చట్టం చట్టమే' అంటుంది కాగ్నీ. పై అధికారి వెకిలి వేషాలు వేస్తే ఫిర్యాదు చెయ్యమంటుంది లేసీ, ప్రమోషన్ పోతుందని కాగ్నీ వెనకాడుతుంది. ఈ రెండోది కల్పించి చెప్తున్న ఉదాహరణ కాదు. 1983లోనే ఒక పూర్తి ఎపిసోడ్‌లో కాగ్నీ ఒక కెప్టెన్ వేధింపుల మీద ఫిర్యాదు చెయ్యాలా వద్దా అని నలిగిపోతుంది. అప్పటికి ఆ మాట టీవీలో వినిపించడమే తక్కువ.

నా మటుకు నాకు ఈ సీరియల్ గొప్పతనం ఇక్కడే ఉంది. వాళ్ళ తగాదా అలవాట్ల గురించి కాదు, డబ్బు, పెళ్ళి, మందు, మతం, పదవి గురించి. అలాంటి తగాదా ఎపిసోడ్ అయిపోగానే తీరదు. ఆరేళ్ళు నడిచింది కూడా అందుకే అనుకుంటాను. దొంగ దొరికాడా లేదా అన్నది రెండు రోజుల్లో మర్చిపోతాం, ఆ రోజు ఇద్దరూ మాట్లాడుకున్నారా లేదా అన్నది గుర్తుంటుంది.

ప్ర: ఈ ఆలోచన ఎవరిది?

జ: బార్బరా అవెడన్, బార్బరా కోర్డే అనే ఇద్దరు రచయిత్రులది. నిర్మాత బార్నీ రోజెన్‌జ్వైగ్ అప్పట్లో కోర్డేతో కలిసి ఉండేవాడు. 1974 ప్రాంతంలో సినిమాల్లో స్త్రీ పాత్రల మీద విమర్శకురాలు మోలీ హాస్కెల్ రాసిన పుస్తకం వాళ్ళ చేతిలో పడింది. ఇద్దరు మగ స్నేహితుల సాహసాల మీద హాలీవుడ్‌లో సినిమాలకు లెక్కే లేదు, ఇద్దరు ఆడవాళ్ళ మీద అలాంటిది ఒక్కటీ లేదన్న సంగతి అందులో తగిలింది. అయితే మనమే రాద్దాం అనుకున్నారు. రచయిత్రులిద్దరూ న్యూయార్క్ వెళ్ళి అక్కడి మహిళా పోలీసులతో తిరిగి, వాళ్ళ పని తీరు దగ్గరుండి చూశారు.

మొదట సినిమాగానే రాశారు. స్టూడియోల చుట్టూ తిరిగితే ఎవరూ ముందుకు రాలేదు. రాక్వెల్ వెల్చ్, ఆన్ మార్గ్‌రెట్ లాంటి గ్లామర్ తారలు చేస్తే తీద్దామన్న మాట ఒకచోట వచ్చింది గాని, అనుకున్న బడ్జెట్‌లో అది కుదిరే పని కాదు. ఏళ్ళు గడిచాక చివరికి టీవీ దారి పట్టారు.

ప్ర: కాగ్నీగా ముగ్గురు నటించారని విన్నాను. నిజమేనా?

జ: నిజమే. మధ్యలో నటులు మారిన సీరియల్స్ బోలెడు ఉంటాయి గాని, దీని వెనక కథ వేరు.

మొదటి కాగ్నీ లోరెట్టా స్విట్. 1981 అక్టోబరు 8న ప్రసారమైన టెలిఫిల్మ్‌లో ఆమె చేసింది. అది బ్రహ్మాండంగా ఆడింది. స్త్రీవాద పత్రిక 'మిజ్' ఆ నెల ముఖచిత్రంగా స్విట్, డేలీ ఇద్దరినీ పోలీసు యూనిఫాంలో వేసింది. సీబీఎస్ వెంటనే సీరియల్ చెయ్యమంది. కానీ స్విట్ అప్పటికే 'మాష్' సీరియల్‌కి ఒప్పందంలో ఉంది, రావడానికి వీల్లేదు.

రెండో కాగ్నీ మెగ్ ఫోస్టర్. 1982 వసంతంలో వచ్చిన ఆరు ఎపిసోడ్లు ఆమెవి. గురువారం రాత్రి వేసినప్పుడు రేటింగ్ పడిపోయింది. ఛానల్ తీసేస్తుందన్న టెన్షన్‌లో రోజెన్‌జ్వైగ్ బతిమాలి, ఒక ఎపిసోడ్‌ని ఆదివారం రాత్రి పది గంటలకి వేయించుకున్నాడు. అది ఆ వారం మొదటి పది కార్యక్రమాల్లోకి ఎక్కింది. సీరియల్ బతికింది, కానీ ఒక షరతు మీద: కాగ్నీని మార్చాలి.

ఎందుకు? పేరు చెప్పని సీబీఎస్ అధికారి ఒకరు 'టీవీ గైడ్' పత్రికతో అన్న మాటలు అప్పట్లో పెద్ద దుమారం లేపాయి. ఈ ఆడవాళ్ళు మరీ మొరటుగా ఉన్నారని, ఆడతనం లేదని, పోలీసు పని కన్నా వ్యవస్థతో పోట్లాట ఎక్కువైందని, చూస్తే లెస్బియన్లలా అనిపించారని ఆ మాటల సారాంశం. ఆ చివరి ముక్కకి వాడిన పదం మాత్రం తిట్టే. ఫోస్టర్ నటన బాగోలేదని ఎవరూ అనలేదు. ఆమె ఎపిసోడ్లు దొరికితే చూడండి. ఆమె కాగ్నీ కాస్త పొడిగా, తొణక్కుండా ఉంటుంది. డేలీ పక్కన ఇద్దరూ ఒకే రకం మనుషుల్లా కనిపిస్తారన్న విమర్శలో కొంత నిజం ఉంది. కానీ ఉద్యోగం పోయింది మాత్రం దానికి కాదు.

మూడోది షారన్ గ్లెస్, 1982 అక్టోబరు 25 నుంచి చివరిదాకా. మొదట ఆమె ఇష్టపడలేదు. అంతకు ముందే 'హౌస్ కాల్స్' సీరియల్‌లో లిన్ రెడ్‌గ్రేవ్ స్థానంలోకి వెళ్ళింది. మళ్ళీ ఇంకొకరి కుర్చీలో కూర్చోవడం ఆమెకి నచ్చలేదు. ఛానల్ మెత్తని కాగ్నీ కోసం గ్లెస్‌ని తెచ్చుకుంది. వచ్చాక ఆమె చేసిన కాగ్నీ మొండిది, గర్విష్ఠి, తాగుబోతు. బట్టలు బాగుంటాయి, అంతే.

ప్ర: టైన్ డేలీ మాత్రం మొదటి నుంచీ ఉందా?

జ: మొదటి టెలిఫిల్మ్ నుంచి 1996 దాకా. అంతకు ముందు 1976లో క్లింట్ ఈస్ట్‌వుడ్ 'డర్టీ హ్యారీ' వరుసలో మూడోదైన 'ది ఎన్‌ఫోర్సర్'లో ఆమె అతని పార్ట్‌నర్ కేట్ మూర్‌గా చేసింది. హ్యారీకి ఇష్టం లేకుండా అంటగట్టిన మహిళా ఇన్‌స్పెక్టర్ పాత్ర అది. హ్యారీ గౌరవం సంపాదించుకునేసరికి సినిమా చివర్లో చనిపోతుంది. అప్పట్లో పోలీసు కథలో ఆడ పార్ట్‌నర్‌కి దక్కే జీతం అదే మరి.

ప్ర: సీరియల్ ఆపేశాక అభిమానుల ఉత్తరాల వల్లే మళ్ళీ మొదలైందట?

జ: సగం నిజం. ఉత్తరాల కథ చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి మిగతా సగం మరుగున పడింది.

1983 మేలో సీబీఎస్ దీన్ని రద్దు చేసింది. రోజెన్‌జ్వైగ్ ముందే వాసన పట్టాడు. సీరియల్ గురించి రాసిన అభిమానులకి జవాబు రాస్తూ, మీ అభిప్రాయం ఛానల్‌కీ మీ ఊరి పత్రికకీ కూడా రాయండి అని కోరాడు. ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఎక్కువ భాగం ఆడవాళ్ళవి. మా బతుకులాంటి బతుకు టీవీలో కనిపించేది ఇక్కడొక్కచోటే అన్నది వాటిలో పదే పదే వచ్చిన మాట. పత్రికలు అందుకున్నాయి.

కానీ ఉత్తరాలు చూసి కరిగిపోయే ఛానల్ ఏదీ ఉండదు. అదే వేసవిలో పాత ఎపిసోడ్లు మళ్ళీ వేస్తుంటే రేటింగ్ పైకి ఎగబాకింది. పోటీ ఛానళ్ళలో కూడా పాతవే వస్తుండటంతో, ఇది చూడనివాళ్ళు ఇటు తిప్పారు. సెప్టెంబరులో టైన్ డేలీకి ఉత్తమ నటిగా ఎమ్మీ అవార్డు వచ్చింది, అమెరికా టీవీలో అదే పెద్ద అవార్డు. రద్దు చేసిన సీరియల్ నటి వేదిక మీద ట్రోఫీ పట్టుకుని నిలబడితే ఛానల్ పెద్దల మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. ముందు ఏడు ఎపిసోడ్లకి ఒప్పుకున్నారు. 1984 మార్చి 19న మళ్ళీ మొదలైంది. 'టీవీ గైడ్' ముఖచిత్రం మీద స్వాగతం పలికింది. ఉత్తరాలు, రేటింగ్, అవార్డు, ఈ మూడింట్లో ఏ ఒక్కటి తగ్గినా కథ అక్కడితో ముగిసేదే.

ఈ ఉద్యమం నుంచే 'వ్యూయర్స్ ఫర్ క్వాలిటీ టెలివిజన్' అనే ప్రేక్షకుల సంఘం పుట్టింది. తర్వాత చాలా ఏళ్ళు అది మంచి సీరియల్స్ తరఫున ఛానళ్ళతో పోట్లాడింది.

ప్ర: సీజన్లు ఆరా, ఏడా? ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

జ: మెగ్ ఫోస్టర్ ఆరు ఎపిసోడ్లని మొదటి సీజన్ అనుకుంటే ఏడు. 2007లో వచ్చిన డీవీడీ సెట్టు మీద 'సీజన్ 1' అని ఉంటుంది గాని, అందులో ఉన్నవి షారన్ గ్లెస్ వచ్చాక మొదటి ఏడాదివి. ఫోస్టర్ ఎపిసోడ్లు అందులో లేవు. ఎపిసోడ్ నంబర్లు తారుమారు అవడానికి కారణం ఇదే. వరసగా చూసేవాళ్ళు నంబరు పట్టుకోకుండా ప్రసారమైన తేదీ పట్టుకుంటే ఇబ్బంది ఉండదు. లెక్క ఇలా: 6, 22, 7, 22, 24, 22, 22. కూడితే 125.

ప్ర: న్యూయార్క్‌లోనే తీశారా?

జ: చాలా మటుకు లాస్ ఏంజెలెస్‌లో. ఒక పాత గోదాము లోపల స్టేషన్ సెట్ వేశారు. అది ఉన్న వీధి పేరు కూడా లేసీ స్ట్రీటే, అది మాత్రం కాకతాళీయం. న్యూయార్క్ వీధుల దృశ్యాలు అక్కడక్కడ కలిపారు. 1981 టెలిఫిల్మ్ కెనడాలోని టొరంటోలో తీశారు.

ప్ర: లేడీస్ రూమ్ సీన్ల గురించి అందరూ ఎందుకు చెప్తారు?

జ: 14వ ప్రీసింక్ట్ లోపల ఒకే పెద్ద హాలు. బల్లలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ఫోన్లు మోగుతుంటాయి, ఎవరు ఏమన్నా అందరికీ వినపడుతుంది. చుట్టూ మగవాళ్ళే. వాళ్ళిద్దరూ నోరు విప్పి మాట్లాడుకోవడానికి స్టేషన్ మొత్తంలో ఒక్కటే చోటు, ఆడవాళ్ళ బాత్రూమ్. తలుపు మూసుకోగానే గొంతులు మారిపోతాయి. హాల్లో 'అలాగే సర్' అన్న లేసీ ఇక్కడ కాగ్నీని కడిగి పారేస్తుంది. హాల్లో నవ్వుతూ జోక్ వేసిన కాగ్నీ ఇక్కడ అద్దం వైపు తిరిగి, మొహం చూపించకుండా నిజం చెప్తుంది. కొన్నిసార్లు ఒకళ్ళు సింక్ దగ్గర, ఇంకొకళ్ళు తలుపు అవతల. మొహమే కనపడకుండా మాటలు.

ఖర్చు లేని సెట్, ఇద్దరు నటులు, నాలుగు నిమిషాల మాటలు. సీరియల్‌లో ఎక్కువ మందికి గుర్తుండిపోయినవి ఈ సీన్లే. పెద్ద ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళకి దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ప్ర: హార్వీ పాత్రకి అంత పేరెందుకు?

జ: ఎందుకంటే అలాంటి మొగుడు అప్పటి టీవీలో లేడు. జాన్ కార్లెన్ చేశాడు. హార్వీ వంట చేస్తాడు, పిల్లల్ని చూసుకుంటాడు. అలాగని దేవుడేమీ కాదు. పని దొరకనప్పుడు కుంగిపోతాడు, పెళ్ళాం తుపాకీ పెట్టుకుని వెళ్తుంటే భయపడతాడు, కాగ్నీ మీద ఒక్కోసారి చిరాకు పడతాడు. రాత్రి పక్క మీద కూర్చుని మొగుడూ పెళ్ళాలు ఆ రోజు జరిగింది చెప్పుకునే సీన్లు నాకు కేసుల కన్నా ఎక్కువ నచ్చుతాయి. కార్లెన్‌కి 1986లో సహాయ నటుడిగా ఎమ్మీ వచ్చింది.

ప్ర: స్టేషన్లో మిగతావాళ్ళు ఎవరు?

జ: లెఫ్టినెంట్ బెర్ట్ శామ్యూల్స్‌గా కెనడా నటుడు ఆల్ వాక్స్‌మన్. మొదట్లో ఆడవాళ్ళతో పని అంటే మొహం చిట్లించే మనిషి, నెమ్మదిగా మారతాడు, పూర్తిగా మారడు. నోటి దురుసు ఇస్బెకీగా మార్టిన్ కోవ్. 'కరాటే కిడ్' చూసినవాళ్ళు ఆ సినిమాలో దుర్మార్గపు గురువుగా ఆయన్ని గుర్తుపడతారు. నెమ్మదస్తుడు పీట్రీగా కార్ల్ లంబ్లీ. పెద్దాయన లా గార్డియాగా సిడ్నీ క్లూట్. క్లూట్ 1985లో చనిపోయాక కూడా టైటిల్స్‌లో ఆయన పేరు తియ్యలేదు, చివరిదాకా ఉంచారు.

ప్ర: కాగ్నీ తాగుడు కథ ఎక్కడ మొదలవుతుంది?

జ: మొదటి నుంచీ కళ్ళ ముందే ఉంటుంది, మనమే పట్టించుకోం. డ్యూటీ అవ్వగానే ఒక గ్లాసు, తండ్రితో కూర్చుంటే ఇంకో రెండు, ఇంటికి వెళ్ళాక ఒంటరిగా వైన్. పోలీసు కథల్లో మందు మగతనానికి గుర్తు కాబట్టి, కాగ్నీ తాగినా అది ఆమె 'వాళ్ళలో ఒకతె' అనడానికి గుర్తుగానే అనిపిస్తుంది. రచయితలు ఆ భ్రమని ఏళ్ళ తరబడి అలాగే ఉండనిచ్చారు.

1987 మార్చిలో వచ్చిన రెండు భాగాల 'టర్న్, టర్న్, టర్న్'లో అది పగులుతుంది. తండ్రి చార్లీ చనిపోతాడు. ఆయన కూడా తాగుబోతే. కాగ్నీ ఇంట్లో తలుపు వేసుకుని తాగుతూ కూర్చుంటుంది. లేసీ వెళ్తుంది. అప్పటిదాకా మనకు కనిపించిన నీటైన కాగ్నీ ఆ గదిలో ఉండదు, చెదిరిన జుట్టు, తడబడే నాలుక. లేసీ ఓదార్చదు, బుజ్జగించదు. నిన్ను కాపాడుతూ అబద్ధాలు చెప్పడం నా వల్ల కాదని మొహం మీదే చెప్తుంది. చివరి సీన్ మద్యం మానాలనుకునేవాళ్ళ సమావేశంలో, కాగ్నీ తన పేరు చెప్పి తాను తాగుబోతునని ఒప్పుకోవడంతో ఆగుతుంది. ఆ ఏడాది ఎమ్మీ గ్లెస్‌కి వచ్చింది. ఆమె నిజ జీవితంలో కూడా మద్యంతో ఇబ్బంది పడి, చికిత్స తీసుకుని, ఆ సంగతి తర్వాత తన ఆత్మకథలో దాచకుండా రాసింది.

నాకు నచ్చిన విషయం ఇంకొకటి. ఆ తర్వాతి ఎపిసోడ్లలో ఈ సంగతి మర్చిపోలేదు. మానడం కూడా రోజువారీ పనిగా సీరియల్‌తో పాటు సాగింది.

ప్ర: గొడవ అయిన ఎపిసోడ్ ఏది?

జ: 1985 నవంబరు 11న వచ్చిన 'ది క్లినిక్'. గర్భస్రావాలు చేసే క్లినిక్ మీద బాంబు దాడి జరుగుతుంది, దాన్ని దర్యాప్తు చేసేది వీళ్ళిద్దరు. ఆ సమయంలో లేసీ కడుపుతో ఉంది. టైన్ డేలీ నిజంగానే గర్భవతి కావడంతో కథలోకి తెచ్చారు. నిండు నెలల్లో ఉన్న లేసీ గర్భస్రావ హక్కు పక్షాన మాట్లాడుతుంది, చిన్న వయసులో తాను చేయించుకున్న సంగతి బయటపెడుతుంది. క్యాథలిక్ అయిన కాగ్నీ ఎటూ తేల్చుకోలేదు. గర్భస్రావాన్ని వ్యతిరేకించే సంఘాలు ఈ ఎపిసోడ్ వెయ్యొద్దని సీబీఎస్ మీద ఒత్తిడి తెచ్చాయి. కొన్ని స్థానిక స్టేషన్లు వెయ్యలేదు కూడా. ఛానల్ మాత్రం వెనక్కి తగ్గలేదు.

ప్ర: లేసీకి క్యాన్సర్ వచ్చే కథ కూడా ఉంది కదా?

జ: అదే ఏడాది మొదట్లో వచ్చిన రెండు భాగాల కథ. రొమ్ములో గడ్డ తగిలినా డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండా వాయిదా వేస్తుంది. పిచ్చి పట్టినట్టు పనిలో పడుతుంది. కాగ్నీ గొడవపడి మరీ పంపిస్తుంది. లేసీ రొమ్ము మొత్తం తీయించుకోకుండా, గడ్డ వరకే తీయించుకుని రేడియేషన్ తీసుకోవడానికి నిర్ణయించుకుంటుంది. రెండో అభిప్రాయం అడగొచ్చు, చికిత్సలో ఎంపిక ఉంటుంది అన్న సంగతి అప్పటి చాలామంది ప్రేక్షకులకి కొత్త. రెండో భాగం రాసిన ప్యాట్రిషియా గ్రీన్‌కి రచనకి ఎమ్మీ వచ్చింది.

ప్ర: మొత్తం ఎన్ని ఎమ్మీలు?

జ: నటనవి చెప్తే చాలు. డేలీకి 1983, 1984, 1985, 1988లో, గ్లెస్‌కి 1986, 1987లో. అంటే ఆరేళ్ళు వరసగా ఉత్తమ నటి అవార్డు ఈ ఒక్క సీరియల్ దాటి బయటికి పోలేదు. ఆ ఆరేళ్ళూ ఇద్దరూ ఒకే విభాగంలో ఒకరి మీద ఒకరు పోటీలో ఉన్నారు. ఉత్తమ డ్రామా సీరియల్‌గా 1985, 1986లో గెలిచింది. 1985లో దర్శకత్వానికి కేరెన్ ఆర్థర్, 1986లో జార్జ్ స్టాన్‌ఫర్డ్ బ్రౌన్ అందుకున్నారు. బ్రౌన్ అప్పటికి డేలీ భర్త.

ప్ర: కాల్పులు, ఛేజింగ్‌లు ఉంటాయా?

జ: తక్కువ. వాటి కోసం వస్తే నిరాశే.

ప్ర: ఇప్పుడు చూస్తే పాతబడిపోయినట్టు ఉంటుందా?

జ: కొన్ని చోట్ల ఉంటుంది. భుజాలు ఎత్తుగా ఉన్న కోట్లు, బిల్ కాంటీ కట్టిన టైటిల్ సంగీతంతోనే ఏ కాలానిదో తెలిసిపోతుంది. నడక నిదానం. సామాజిక సమస్య ఒకటి ఎంచుకుని దాని చుట్టూ కథ అల్లే ఎపిసోడ్లలో కొన్నిసార్లు పాత్రలు పక్కకి తప్పుకుని పాఠం చెప్తున్నట్టు ఉంటుంది. నల్లజాతి, లాటినో పాత్రలు ఎక్కువగా కేసుల్లో వచ్చి పోతాయి. పీట్రీ ఇంటి సంగతులు హార్వీ ఇంటి సంగతుల్లా తెలుసుకునే అవకాశం ఎప్పుడూ రాలేదు. అది పెద్ద లోటు.

పాతబడనిది కూడా ఉంది. కాగ్నీకి సార్జెంట్‌గా ప్రమోషన్ వస్తుంది, లేసీకి రాదు. రేపటి నుంచి ఒకళ్ళు ఇంకొకళ్ళ కన్నా ఒక మెట్టు పైన, కారులో మాత్రం పక్కపక్క సీట్లలోనే. ఆ ఇబ్బందిని వాళ్ళు దాటడానికి పడే తిప్పలు ఈ రోజు ఏ ఆఫీసులో పెట్టినా సరిపోతాయి. మన తెరల మీద మహిళా పోలీసు ఎక్కువగా ఒంటరి వీరనారి. లాఠీ పట్టుకుని పదిమందిని కొడుతుంది, తన స్థాయి ఆడమనిషితో కూర్చుని టీ తాగుతూ జీతం గురించి మాట్లాడదు. ఈ సీరియల్ చూస్తుంటే ఆ ఖాళీ ఇంకా బాగా కనపడుతుంది.

ప్ర: ఆ నటీమణులిద్దరూ నిజంగా స్నేహితులేనా?

జ: అవును. సీరియల్ అయిపోయాక కూడా కలిసి కనిపిస్తూనే ఉన్నారు. గ్లెస్ 'బర్న్ నోటీస్'లో హీరో తల్లిగా చేస్తున్నప్పుడు, 2010లో డేలీ ఒక ఎపిసోడ్‌కి అతిథిగా వచ్చింది. చూసినవాళ్ళకి వేరే వివరం అక్కర్లేదు. మధ్యలో 1991లో గ్లెస్ నిర్మాత రోజెన్‌జ్వైగ్‌ని పెళ్ళి చేసుకుంది. సీరియల్‌ని సృష్టించిన వాళ్ళలో ఒకరైన కోర్డే అతని మాజీ భార్య. ఈ సంగతి విన్నవాళ్ళు ఒకసారి ఆగి లెక్క చూసుకుంటారు, మామూలే.

ప్ర: తర్వాత వచ్చిన టెలిఫిల్ములు చూడొచ్చా? కొత్తగా మళ్ళీ తీశారా?

జ: 1994 నాటి మొదటిది చూడండి. కాగ్నీ లెఫ్టినెంట్ అయి, పెళ్ళి చేసుకుంది. ఉద్యోగం మానేసిన లేసీ డబ్బు అవసరమై మళ్ళీ వస్తుంది. మిగతా మూడూ అభిమానులకే. 2018లో సీబీఎస్ కొత్త నటులతో ఒక పైలట్ (నమూనా ఎపిసోడ్) తీయించింది గాని సీరియల్‌గా తీసుకోలేదు.

ప్ర: అన్నీ చూసే ఓపిక లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జ: 1984 మార్చిలో తిరిగి మొదలైన ఏడు ఎపిసోడ్లతో. అప్పటికి ఇద్దరూ పాత్రల్లో కుదురుకున్నారు, రద్దయి బతికిన ఊపు కూడా వాటిలో కనిపిస్తుంది. అవి నచ్చితే 1984 శరత్తు నుంచి 1986 వేసవి దాకా వరసగా చూసేయండి, సీరియల్‌కి అదే మంచి కాలం. 'టర్న్, టర్న్, టర్న్' గురించి ఎంత విన్నా ముందే దానికి గెంతకండి. చార్లీతో కాగ్నీ బార్లో కూర్చుని నవ్విన సీన్లు కనీసం ఒక సీజన్ పాటు చూశాకే అది పనిచేస్తుంది. మెగ్ ఫోస్టర్ ఆరు ఎపిసోడ్లు చివర్లో పెట్టుకోండి. గ్లెస్ అలవాటయ్యాక ఆమె కాగ్నీని చూస్తే, ఛానల్ ఎందుకు కంగారు పడిందో, ఎంత అనవసరంగా కంగారు పడిందో మీకే తెలుస్తుంది.